క్రిటాలో బ్రష్ గీతల్ని మరక మిగలకుండా చెరపడం

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో మామూలు సెట్టింగులతో కొత్త ఫైల్ తెరిస్తే ప్రతి పిక్సెల్‌కూ నాలుగు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా. ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా. మొదటి మూడూ అది ఏ రంగో చెబుతాయి. నాలుగోది ఆ రంగు ఎంత గట్టిగా కనపడాలో చెబుతుంది. ఎరేజర్‌కు పని ఆ నాలుగో అంకెతోనే. దాన్ని కిందికి దించుతుంది. సున్నాకి చేరితే గీత పోయినట్టు. 6 దగ్గరో 12 దగ్గరో ఆగితే కంటికి పోయినట్టే ఉంటుంది, ఫైల్లో మాత్రం అలాగే ఉంటుంది. చెరిపిన చోట మరక తేలడం, ఫిల్ టూల్ రంగు పోసినప్పుడు చుక్కలు వదిలేయడం, తెల్లగా ఉండాల్సిన చోట చదరంగం గళ్లు (అక్కడ ఖాళీ ఉందనే గుర్తు) కనిపించడం, వీటన్నిటికీ మూలం ఈ ఆల్ఫా లెక్కే. అది మనసులో పెట్టుకుంటే కింద చెప్పే పద్ధతులు వాటంతట అవే అర్థమవుతాయి.

క్రిటా ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. అందుకే వివరాలన్నీ దాని మీదే చెబుతున్నాం. మిగతా యాప్‌లలో తేడా ఎక్కడ వస్తుందో చివర్లో ఉంది.

ఎరేజర్ అంటే వేరే పనిముట్టు కాదు

ఫోటోషాప్ అలవాటైనవాళ్లు క్రిటాలో ఎడమ పక్క టూల్స్ వరసలో ఎరేజర్ కోసం వెతుకుతారు. అక్కడ ఉండదు. ఇక్కడ ఏ బ్రష్ అయినా ఎరేజర్ అవుతుంది. కీబోర్డు మీద ‘ఇ’ కీ (డబ్ల్యూకీ ఆర్‌కీ మధ్య ఉండేది) ఒకసారి నొక్కితే చేతిలో ఉన్న బ్రష్ చెరపడం మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే గీస్తుంది. పై పట్టీలో రబ్బరు బొమ్మ ఉన్న బటన్ వెలిగి ఉంటే ఎరేజర్ మోడ్‌లో ఉన్నట్టు.

దీని లాభం చాలా పెద్దది. చార్‌కోల్ బ్రష్‌తో గరుకుగా వేసిన నీడను అదే చార్‌కోల్ బ్రష్‌తో చెరిపితే అంచు కూడా గరుకుగానే వస్తుంది. నున్నటి గుండ్రటి ఎరేజర్‌తో చెరిపితే ఆ ఒక్క చోటే కత్తెరతో కోసినట్టు బయటపడిపోతుంది. టెక్స్‌చర్ ఉన్న పెయింటింగ్‌లో గీసిన బ్రష్‌తోనే చెరపండి. లైన్ ఆర్ట్‌లో, అంటే ఇంకు గీతల్లో, విడిగా ఒక గట్టి ఎరేజర్ పెట్టుకోండి. రెండు పనులకూ ఒకే ఎరేజర్ సరిపోదు.

బ్రష్‌తో వచ్చే చిన్న ఇబ్బంది సైజు. 8 పిక్సెళ్ల గీత గీస్తూ ‘ఇ’ నొక్కితే ఎరేజర్ కూడా 8 పిక్సెళ్లే ఉంటుంది, దానితో చెరపాలంటే పది రుద్దులు రుద్దాలి. ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్ తెరవండి. అడుగున ‘ఎరేజర్ స్విచ్ సైజ్’ అని ఒక టిక్ గడి ఉంటుంది. అది పెడితే గీసే సైజు, చెరిపే సైజు విడివిడిగా గుర్తుంటాయి. గీత 8 దగ్గరే ఉంటుంది, ‘ఇ’ నొక్కగానే ఎరేజర్ 30కి మారుతుంది. పక్కనే ఉన్న ‘ఎరేజర్ స్విచ్ ఒపాసిటీ’ కూడా ఇలాంటిదే. ఒపాసిటీ అంటే బ్రష్ ఎంత బలంగా గీయాలో, చెరపాలో చెప్పే శాతం. తేలిక రంగులతో పొరలు పొరలుగా వేసేవాళ్లకు ఇది తప్పనిసరి: గీసేటప్పుడు 30 శాతం, చెరిపేటప్పుడు 100 శాతం ఉంచుకోవచ్చు.

సైజు అక్కడికక్కడే మార్చాలంటే షిఫ్ట్ పట్టుకుని కాన్వాస్ మీద పెన్ను పక్కకు లాగండి. చదరపు బ్రాకెట్ కీలు [ ] కూడా అదే పని చేస్తాయి. ‘ఐ’ కీ ఒపాసిటీ తగ్గిస్తుంది, ‘ఓ’ కీ పెంచుతుంది. చాలామంది తెలియకుండా ‘ఐ’ మీద వేలు పెట్టి, ఎరేజర్ బలం తగ్గిపోయిందేమిటా అని తికమకపడతారు. పై పట్టీలో ఒపాసిటీ ఎంతుందో ఒకసారి చూసుకుంటే చాలు.

పెన్నుకు వెనకవైపు ఎరేజర్ కొన ఉంటే దాన్ని వాడండి. ఆ కొనను టాబ్లెట్ దగ్గరికి తెచ్చి, దానితోనే ఒక ఎరేజర్ ప్రీసెట్ (సెట్టింగులతో సహా సేవ్ చేసి ఉంచిన బ్రష్) మీద నొక్కండి. ఏ కొనకు ఏ ప్రీసెట్ అన్నది క్రిటా విడిగా గుర్తుంచుకుంటుంది.

కంట్రోల్ జెడ్ చాలినచోట ఎరేజర్ వద్దు

ఇప్పుడే గీసిన గీత నచ్చకపోతే కంట్రోల్ + జెడ్ నొక్కండి. ఎరేజర్ ఎంత జాగ్రత్తగా వాడినా కింద ఉన్న పాత రంగు కూడా కొంత పోతుంది. అన్‌డూ చేస్తే ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెల్ పాత అంకెలతో తిరిగొస్తుంది. కంట్రోల్ + షిఫ్ట్ + జెడ్ వెనక్కి వేసినదాన్ని మళ్లీ తెస్తుంది. చాలా అడుగులు వెనక్కి వెళ్లాలంటే సెట్టింగ్స్ మెనూలో డాకర్స్‌కి వెళ్లి ‘అన్‌డూ హిస్టరీ’ తెరిచి, కావలసిన అడుగు మీద నొక్కండి.

ఫైల్ మూసేస్తే ఈ చరిత్ర మొత్తం పోతుంది. కాబట్టి పెద్ద చెరుపుడుకు ముందు కంట్రోల్ + ఆల్ట్ + ఎస్ నొక్కండి. పాత ఫైల్ అలాగే ఉండి, కొత్త నంబరుతో ఇంకో ఫైల్ సేవ్ అవుతుంది. డిస్క్‌లో కాస్త జాగా పట్టినా పరవాలేదు.

మరక ఎందుకు మిగులుతుంది

ఇక్కడ కాస్త నిలబడి లెక్క చూడాలి, ఎందుకంటే ఎరేజర్‌తో వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడివే.

ఎరేజర్ ఒపాసిటీ 50 శాతం ఉందనుకోండి. ఒకసారి రుద్దితే ఆల్ఫా 255 నుంచి 128కి వస్తుంది. తర్వాత 64, 32, 16, 8, 4, 2, 1. ఉన్నదాంట్లో సగం తీసేస్తుంది కాబట్టి ప్రతిసారీ తీసేది తగ్గుతూ పోతుంది. ఎనిమిది సార్లు రుద్దినా ఇంకా 1 మిగిలే ఉంది. పెన్ను మీద తేలిగ్గా ఒత్తి 30 శాతంతో చెరిపితే పది సార్లు రుద్దాక కూడా 7 దగ్గర ఉంటుంది. 50 శాతంతో ఐదో రుద్దుకే కంటికి మాసిపోయినట్టు అనిపించి మనం ఆపేస్తాం. తెల్ల కాగితం మీద 8 ఆల్ఫా ఉన్న నలుపు అంటే 247 తెలుపు. 255కీ 247కీ తేడా మామూలు తెర మీద పట్టించుకోం.

తర్వాత తెలుస్తుంది. కింద ముదురు నీలం పోసినప్పుడు తెల్ల గీతల మసక తేలుతుంది. ఫిల్ టూల్ ఆ కనపడని చుక్కల దగ్గర ఆగి రంగులో చిల్లులు వదులుతుంది. కంట్రోల్ + టీ నొక్కి బొమ్మను కదపబోతే చుట్టూ వచ్చే చట్రం బొమ్మకంటే చాలా పెద్దగా ఉంటుంది, ఎక్కడో మూలన మిగిలిన ఒక్క చుక్క కోసం. ఇమేజ్ మెనూలోని ‘ట్రిమ్ టు కరెంట్ లేయర్’ కూడా ఆ చుక్క దాకా వెళ్లి కోస్తుంది. స్టిక్కర్లకు ఫైల్ పంపితే, పారదర్శకతను చూసి కోత గీత తయారుచేసే పద్ధతిలో ఈ చుక్కల చుట్టూ కూడా కోత పడే ప్రమాదముంది.

ఇంకో విషయం. బ్రష్ ఎడిటర్‌లో ‘పెయింటింగ్ మోడ్’ అని ఉంటుంది: ‘వాష్’, ‘బిల్డప్’. వాష్‌లో పెన్ను ఎత్తకుండా ఎంతసేపు అటూ ఇటూ రుద్దినా అదంతా ఒక్క స్ట్రోక్ కిందే లెక్క, పెట్టిన ఒపాసిటీకి మించి చెరపదు. ఎత్తి మళ్లీ పెడితేనే రెండోసారి. బిల్డప్‌లో ఒక స్ట్రోక్ తన మీదుగానే వెళ్లినప్పుడు కూడా పోగవుతుంది. “ఎంత రుద్దినా పోవట్లేదు” అనేవాళ్లు చాలాసార్లు వాష్‌లో, 50 శాతం ఒపాసిటీతో, పెన్ను ఎత్తకుండా రుద్దుతుంటారు.

అందుకని శుభ్రం చేయడానికే ఒక ఎరేజర్ తయారుచేసి పెట్టుకోండి:

1. ప్రీసెట్లలో ‘ఎరేజర్ సర్కిల్’ ఎంచుకుని ఎఫ్5 నొక్కండి.
2. ఎడమ వరసలో ‘ఒపాసిటీ’ పక్కన టిక్ ఉంటే తీసేయండి. ఇక పెన్ను ఎంత మెల్లగా ఒత్తినా బలం తగ్గదు.
3. ఒపాసిటీ, ఫ్లో రెండూ 100 శాతం చేయండి.
4. ‘బ్రష్ టిప్’లో ఫేడ్ విలువలు 1 దగ్గర ఉంచండి. 0 వైపు తగ్గేకొద్దీ అంచు మెత్తబడుతుంది, మెత్తటి అంచంటే మళ్లీ మసక.
5. ‘సైజ్’కు ప్రెజర్ (పెన్ను ఒత్తిడిని బట్టి సైజు మారడం) ఉంచుకోవడం మీ ఇష్టం. ఇంకు గీతలు చెక్కేవాళ్లకు ఉంటేనే హాయి.
6. కొత్త ప్రీసెట్‌గా సేవ్ చేసి, గుర్తుపట్టే పేరు పెట్టండి.

‘ఎరేజర్ సాఫ్ట్’ చెడ్డదని కాదు. పొగ, మంచు, దీపం చుట్టూ వెలుగు, చెంప మీద నీడ కరిగిపోయే చోటు, వీటికి అదే సరైనది. గీతను పూర్తిగా తీసేయడానికి మాత్రం దాన్ని వాడకండి.

మిగిలిపోయిన మసకను పట్టుకోవడం

ముందు లేయర్‌ను, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటిగా ఉండే పొరల్లో ఒకదాన్ని, విడిగా చూడాలి. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఐసోలేట్ యాక్టివ్ లేయర్’ పెడితే మిగతావన్నీ మాయమై ఆ ఒక్క పొరే కనిపిస్తుంది. పెద్ద మరకలు ఇక్కడే దొరుకుతాయి.

చిన్నవాటికి: లేయర్ల పెట్టెలో ఆ లేయర్ చిన్న బొమ్మ మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేయండి. రంగు ఉన్న భాగమంతా సెలక్ట్ అవుతుంది. బొమ్మకు దూరంగా, ఖాళీ అనుకున్న చోట కూడా చుక్కల గీతలు కదులుతుంటే అక్కడ చెత్త ఉన్నట్టే. చూశాక కంట్రోల్ + షిఫ్ట్ + ఏ నొక్కి సెలక్షన్ తీసేయడం మర్చిపోవద్దు.

అన్నిటికంటే బాగా పట్టించేది లేయర్ స్టైల్. లేయర్ మీద రైట్ క్లిక్, ‘లేయర్ స్టైల్’, అందులో ‘స్ట్రోక్’. రంగు గట్టి ఎరుపు, మందం 3 పిక్సెళ్లు పెట్టండి. బొమ్మ చుట్టూ ఎర్ర అంచు వస్తుంది, దానితోపాటు విడిగా మిగిలిన చుక్కల చుట్టూ కూడా ఎర్రటి మచ్చలు లేస్తాయి. వాటిని గట్టి ఎరేజర్‌తో తుడిచి, పనయ్యాక స్టైల్ ఆపేయండి.

మసక బొమ్మ అంతటా పరుచుకుని ఉంటే చేత్తో తుడవడం అయ్యే పని కాదు. కంట్రోల్ + ఎమ్ నొక్కి కలర్ అడ్జస్ట్‌మెంట్ కర్వ్స్ తెరవండి. ఛానల్‌గా ఆల్ఫాను ఎంచుకోండి. ఏటవాలు గీతకు ఎడమ అడుగున ఉన్న బిందువును నేల వెంబడే కుడివైపు పదో వంతు దూరం జరపండి. దాదాపు 25 లోపు ఉన్న ఆల్ఫాలన్నీ ఒక్క దెబ్బతో సున్నా అవుతాయి. దీనికి మూల్యం ఉంది: గీతల అంచుల్ని నున్నగా చూపించే పల్చటి పిక్సెళ్లు కూడా కొంత సన్నబడతాయి. ఇంకు గీతల పొర మీద ఇది పెద్దగా తెలియదు. పొగ, నీడ ఉన్న పొర మీద చేయకండి, మెల్లగా కరిగే అంచంతా తెగిపోతుంది.

గీతలు కలిసే చోట

చీర కొంగు గీత భుజం గీతను దాటి రెండు మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిపోయింది. కొంగు గీతను అక్కడ కత్తిరించాలి, భుజం గీత మీద గాటు పడకూడదు. ఏ4 సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు. ఇందులో ఇంకు గీత మామూలుగా 6 నుంచి 12 పిక్సెళ్లు ఉంటుంది.

200 శాతం జూమ్‌లోకి వెళ్లండి. ఎరేజర్‌ను గీత మందానికి మూడింతలు పెట్టండి, అంటే 18 నుంచి 36. చిన్న ఎరేజర్‌తో కొరికితే అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. పెద్ద వృత్తం అంచు దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి కోత శుభ్రంగా పడుతుంది. ఇప్పుడు 4, 6 అంకెల కీలతో కాన్వాస్ తిప్పి, ఉంచాల్సిన గీత మీ చేతికి సహజంగా గీసుకునే దిశలోకి తెచ్చుకోండి. ఎరేజర్ వృత్తం అంచును ఆ గీత అంచుకు ఆనించి, దానికి సమాంతరంగా, పొట్టిగా ఒక్కసారి లాగండి. మిగిలిన తోకను తర్వాత తీరిగ్గా తుడవచ్చు. 5 నొక్కితే కాన్వాస్ తిన్నగా అవుతుంది, 1 నొక్కితే 100 శాతం జూమ్‌కు వస్తుంది. అక్కడ ఒకసారి చూడండి. 200 శాతంలో భయంకరంగా కనిపించే గాట్లు 100 శాతంలో చాలాసార్లు కనపడనే కనపడవు, వాటి మీద సమయం ఖర్చుపెట్టకండి.

తిన్నటి కోత కావాలంటే ఎరేజర్ మోడ్‌లో ఉండగానే ‘వి’ కీ పట్టుకుని లాగండి, సరళరేఖలో చెరుపుతుంది. చెయ్యి వణికితే టూల్ ఆప్షన్స్‌లోని స్మూతింగ్ గీతలకు ఎలా పనిచేస్తుందో చెరపడానికీ అలాగే పనిచేస్తుంది.

గీత కొనలు సన్నగా తేలాలంటే కూడా ఇదే పద్ధతి. మొదట గీత మొద్దుగా ఆగినా పరవాలేదు. రెండు వైపుల నుంచీ పెద్ద ఎరేజర్‌తో ఏటవాలుగా చెక్కితే మొన వస్తుంది. కనురెప్పల వెంట్రుకలు, తెలుగు అక్షరాల తలకట్టు చివరలు గీసి సాధించడం కంటే ఇలా చెక్కి సాధించడం తేలిక. ముందు మందంగా గీసి తర్వాత లోపలికి చెక్కుకుంటూ రావడం చాలామంది ఇంకర్లు చేసేదే, అది తప్పు దిద్దుకోవడం కాదు, గీయడంలోనే ఒక భాగం.

చెరపకుండా దాచడం

జడ ఒక లేయర్‌లో వేశారు, దాని మీద మల్లెపూలు వేరే లేయర్‌లో. కొన్ని పాయలు పూల మీదుగా రావాలి, కొన్ని పూల కింద ఉండాలి. పూలను చెరుపుకుంటూ పోతే, ఒక పాయ చోటు మారగానే అక్కడ పోయిన పూరేకుల్ని మళ్లీ గీయాలి. ఇలాంటి పనికి ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ ఉంది.

పూల లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్’లోంచి ‘ట్రాన్స్‌పరెన్సీ మాస్క్’ చేర్చండి. ఆ సమయంలో ఏ సెలక్షనూ ఉండకూడదు, ఉంటే మాస్క్ ఆ ఆకారంలోనే మొదలవుతుంది. మాస్క్ మీద క్లిక్ చేసి, ‘డి’ నొక్కి రంగుల్ని నలుపు, తెలుపులకు తెచ్చుకోండి. నలుపుతో గీసిన చోట పూలు దాక్కుంటాయి, తెలుపుతో గీస్తే తిరిగొస్తాయి, బూడిద రంగు సగం దాస్తుంది. ‘ఎక్స్’ కీ నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మారుస్తుంది. పూరేకు అంచున పాయ వచ్చే చోట నలుపుతో ఒక గీత, ఎక్కువైతే ‘ఎక్స్’ నొక్కి తెలుపుతో వెనక్కి. పూల అసలు పిక్సెళ్లకు ఏమీ కాదు. క్రిటా సొంత ఫైల్ రకమైన కేఆర్ఏలో మాస్క్ కూడా సేవ్ అవుతుంది కాబట్టి నెల తర్వాత తెరిచినా దాచినదాన్ని బయటికి తేవచ్చు.

మాస్క్‌తో తరచూ జరిగే పొరపాటు ఒకటే: మాస్క్ ఎంచుకున్నామనుకుని లేయర్ మీద నలుపు గీసేస్తారు. పూల మీద నల్ల చారలు కనిపిస్తే అదే జరిగింది. వెంటనే అన్‌డూ చేసి, లేయర్ల పెట్టెలో ఏది వెలిగి ఉందో చూడండి. పని పూర్తయ్యాక మాస్క్‌ను బొమ్మలో కలిపేయాలంటే లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్లాటెన్ లేయర్’ ఎంచుకోవచ్చు. తొందరపడాల్సిన అవసరమైతే లేదు.

గీత దాటి బయటికి వచ్చిన రంగును ఎరేజర్‌తో తుడవడం కూడా ఇలాగే దండగ శ్రమ. అడుగున ఆకారం ఒక్కటే వేసిన లేయర్, దాని మీద నీడల లేయర్, రెండూ ఒకే గ్రూపులో పెట్టండి. నీడల లేయర్ పక్కన ఉన్న ఆల్ఫా గుర్తు నొక్కండి. దీన్ని ఆల్ఫా ఇన్‌హెరిటెన్స్ అంటారు. ఇక నీడ ఎంత బయటికి గీసినా అడుగు ఆకారం వరకే కనిపిస్తుంది.

పెద్ద భాగాలు ఒక్కసారిగా

అరచెయ్యంత చోటును ఎరేజర్‌తో రుద్దడం కంటే ఫ్రీహ్యాండ్ సెలక్షన్‌తో చుట్టి డిలీట్ నొక్కడం మేలు. రుద్దులో మధ్య మధ్య ఖాళీలు మిగులుతాయి, డిలీట్‌లో మిగలవు. బ్యాక్‌స్పేస్ మాత్రం నొక్కకండి, అది చెరపదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు నింపుతుంది. ఆ రంగు తెలుపైతే చెరిగినట్టే కనిపించి తర్వాత మోసం చేస్తుంది.

మంత్రదండంలా ఒకే రంగును పట్టే కంటిగ్యువస్ సెలక్షన్‌తో తీసేస్తే చుట్టూ సన్నటి రంగు అంచు మిగిలిపోవడం సహజం. నున్నటి గీతల చివరి పిక్సెళ్లు వేరే ఛాయలో ఉంటాయి కాబట్టి సెలక్షన్ వాటిని వదిలేస్తుంది. డిలీట్ నొక్కే ముందు సెలక్ట్ మెనూలో ‘గ్రో సెలక్షన్’తో 1 లేదా 2 పిక్సెళ్లు పెంచండి. అంచు మెత్తగా కలిసిపోవాలంటే షిఫ్ట్ + ఎఫ్6తో ఫెదర్ ఇవ్వొచ్చు.

ఎరేజర్ అసలు పనిచేయకపోతే

మొదట చూడాల్సింది లేయర్. పదిలో ఎక్కువసార్లు గీత ఒక లేయర్‌లో, మీరు ఇంకో లేయర్‌లో ఉంటారు. ‘ఆర్’ కీ పట్టుకుని ఆ గీత మీద క్లిక్ చేస్తే అది ఉన్న లేయర్ దానంతట అదే ఎంపికవుతుంది.

లేయర్ సరైనదే అయితే సెలక్షన్ మిగిలి ఉందేమో. ఎక్కడో మూలన చిన్న సెలక్షన్ ఉన్నా దాని బయట ఎరేజర్ కదలదు. కంట్రోల్ + హెచ్‌తో సెలక్షన్ గీతల్ని దాచి ఉంటే కంటికి కూడా కనపడదు. అనుమానం వస్తే కంట్రోల్ + షిఫ్ట్ + ఏ.

తర్వాత ఆల్ఫా లాక్. లేయర్ పక్కన చదరంగం గళ్ల గుర్తు నొక్కి ఉంటే ఆల్ఫా మారదు, ఆల్ఫా మారకపోతే చెరపడమే లేదు. ఇలాంటిదే ఇంకో బటన్ పై పట్టీలో ఎరేజర్ బటన్ పక్కన కూడా ఉంది. అది నొక్కి ఉంటే ఏ లేయర్‌కు వెళ్లినా ఇదే బాధ. రెండూ చూడండి. మామూలు తాళం గుర్తు ఉంటే దాన్నీ తీయండి.

వెక్టర్ లేయర్ మీద బ్రష్ ఎరేజర్ నడవదు. అక్కడ గీతలు పిక్సెళ్లు కావు, ఆకారాలు. సెలెక్ట్ షేప్స్ టూల్‌తో గీతను పట్టుకుని డిలీట్ చేయాలి. కొంత భాగమే చెరపాలంటే రైట్ క్లిక్, ‘కన్వర్ట్’, ‘టు పెయింట్ లేయర్’. ఒకసారి మార్చాక బిందువుల్ని పట్టి లాగే వీలు పోతుంది, కాబట్టి కంట్రోల్ + జే నొక్కి ఒక నకలు ఉంచుకుని మార్చండి.

చెరిపినా గీత అలాగే ఉంటే కింద అదే బొమ్మ నకలు లేయర్ ఉందేమో చూడండి. ఇక బ్రష్‌తో గీస్తుంటే ఏమీ పడటం లేదంటే తిరగేసిన సమస్య: ‘ఇ’ పొరపాటున నొక్కి ఉంది.

స్కాన్ చేసిన పెన్సిల్ బొమ్మ

కాగితం మీద గీసి స్కాన్ చేసినదాంట్లో తెలుపును ఎరేజర్‌తో తీయాలని చూడకండి. ముందు కంట్రోల్ + ఎల్‌తో లెవెల్స్ తెరిచి కాగితం పూర్తి తెలుపు అయ్యేదాకా తెలుపు వైపు గుర్తును లోపలికి జరపండి. తర్వాత ఫిల్టర్ మెనూలో కలర్స్ కింద ‘కలర్ టు ఆల్ఫా’, రంగు తెలుపు. కాగితం మాయమై పెన్సిల్ గీతలే మిగులుతాయి. లెవెల్స్ చేయకుండా నేరుగా ఇది చేస్తే పసుపుపచ్చ కాగితం ఛాయ మసకలా అంతటా ఉండిపోతుంది, పైన చెప్పిన మరక బాధంతా మళ్లీ మొదలు.

మిగతా యాప్‌లలో

క్లిప్ స్టూడియో పెయింట్‌లో గీతలు కలిసే చోటికి ఇంతకంటే మంచి ఉపాయం ఉంది. వెక్టర్ లేయర్ మీద గీస్తే వెక్టర్ ఎరేజర్‌లో ‘ఖండన బిందువు దాకా’ చెరిపే ఎంపిక ఉంటుంది. దాటిపోయిన తోకను ఎరేజర్‌తో ఇలా తాకితే చాలు, కొంగు గీత భుజం గీతను కలిసే చోటు వరకు మాయమవుతుంది. తాకిన భాగమే, గీత మొత్తం అని ఇంకో రెండు ఎంపికలున్నాయి. భుజం గీత వేరే లేయర్‌లో ఉంటే ‘అన్ని లేయర్లనూ చూడు’ అన్న ఆప్షన్ పెట్టాలి, లేకపోతే గీత చివరిదాకా పోతుంది. ఎక్కువగా కామిక్స్ గీసేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం కోసమే ఆ సాఫ్ట్‌వేర్ కొనొచ్చు. అందులో ‘సి’ కీ నొక్కితే రంగు బదులు పారదర్శకత వస్తుంది, అప్పుడు చేతిలోని బ్రషే ఎరేజర్.

ప్రోక్రియేట్‌లో బ్రష్ ఎంచుకుని ఉండగా ఎరేజర్ గుర్తు మీద వేలు కాసేపు నొక్కి ఉంచండి, అదే బ్రష్ ఎరేజర్‌కు కూడా వస్తుంది. రెండు వేళ్లతో తడితే అన్‌డూ, గరిష్ఠంగా 250 అడుగులు. గ్యాలరీలోకి వెళ్లిపోతే ఆ అడుగులన్నీ పోతాయి. మూడు వేళ్లతో అటూ ఇటూ రుద్దితే లేయర్ మొత్తం ఖాళీ అవుతుంది, అరచెయ్యి ఆనించి గీసేవాళ్లు జాగ్రత్త.

ఫోటోషాప్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్’ అని పేరున్న అడుగు లేయర్ మీద ఎరేజర్ పారదర్శకత ఇవ్వదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు పూస్తుంది. లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి మామూలు లేయర్‌గా మారిస్తే సరిపోతుంది. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ వాడేవాళ్లు ఎరేజర్‌కు తన సొంత మందం, సొంత ఒపాసిటీ ఉంటాయని గుర్తుంచుకోవాలి. వేలితో చెరిపేటప్పుడు ఒపాసిటీ 100 దగ్గర లేకపోతే మసక ఖాయం.

ఎక్స్‌పోర్ట్ చేసే ముందు

క్రిటాలో అడుగున ఉండే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను ఎక్కడైనా చెరిపి ఉంటే అక్కడ చదరంగం గళ్లు కనిపిస్తాయి. పీఎన్‌జీలో దాస్తే ఆ చోటు నిజంగానే ఖాళీగా వెళ్తుంది, వాట్సాప్‌లో ముదురు నేపథ్యం మీద నల్లటి చిల్లులా తేలొచ్చు. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు కాబట్టి సేవ్ చేసేటప్పుడు ఖాళీలో ఏ రంగు నింపాలో క్రిటా అడుగుతుంది, తెలుపు పెట్టండి. పారదర్శక పీఎన్‌జీయే కావాలంటే బ్యాక్‌గ్రౌండ్ లేయర్ కన్ను గుర్తు ఆపేసి, అన్నిటికంటే అడుగున ఒక లేయర్ చేర్చి గట్టి పచ్చ రంగు పోసి ఒకసారి, నలుపు పోసి ఒకసారి బొమ్మంతా చూడండి. పచ్చ మీద నల్ల మసక దొరుకుతుంది, నలుపు మీద తెల్ల మసక దొరుకుతుంది. తర్వాత ఆ లేయర్‌ను తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయండి.